తొట్టిల్లో మైకు

మా అమ్మకు ఫోనులో మాట్లాడటం వచ్చు, ఫోను మీద నమ్మకమే లేదు. మనిషి ఎంత దూరాన ఉంటే గొంతు అంత పెంచాలన్నది ఆమె లెక్క. పక్క ఊరు తళవాయిపురంలో ఉన్న పిన్నమ్మతో మాట్లాడితే పక్కింటిదాకా వినిపిస్తుంది. మా అక్క విదేశం వెళ్ళాక అదే లెక్కన అమ్మ గొంతు విప్పితే, మధ్యలో ఫోను దేనికా అని నాకు అనుమానం వచ్చేది.

అక్కను తీసుకెళ్ళింది బావ. యూరప్‌లో ఒక చలి ఊరు. ఆ ఊరి పేరును మా ఇంట్లో ఎవరూ రెండుసార్లు ఒకే రకంగా పలకలేదు కాబట్టి ఇక్కడ రాయను. నూలుమిల్లు యంత్రాలు తయారుచేసే కంపెనీలో బావ ఇంజనీరు. మా రాజపాళయంలో పుట్టినవాడు మిల్లు సైరను వినపడనంత దూరం పోదామని విమానమెక్కినా, దిగేచోట మిల్లే ఎదురొచ్చి పెట్టె అందుకుంటుంది. అది బావ కథ. అక్క కథ వేరు. ఆమెకు తొలికానుపు.

మావైపు తొలికానుపంటే పుట్టింట్లోనే. దాని మీద ఎవరూ వాదన పెట్టుకోరు. కాన్పుకు రావాల్సిన నెలకు టికెట్టు కూడా తీసి ఉంచారు. అంతలో అక్కడి డాక్టరమ్మ, అక్కకు రక్తపోటు ఎక్కువగా ఉంది, విమానం ఎక్కకూడదు అంది. కూతురు రాలేకపోతే తల్లే పోతుందని అమ్మ వీసాకు పెట్టుకుంది. రాలేదు. వెళ్ళిన మనిషి తిరిగి వస్తుందన్న నమ్మకం కలగడం లేదని జవాబు. శ్రీవిల్లిపుత్తూరులో పెళ్ళికి పోయినా, పొద్దున కొళాయి నీళ్ళు పోతాయని ముహూర్తం కాగానే బస్సెక్కే మనిషి మా అమ్మ. ఆమె వచ్చి తమ దేశంలో పాతుకుపోతుందేమోనని ఒక ప్రభుత్వం భయపడింది.

అట్లా మా మేనల్లుడు అక్కడే పుట్టాడు.

వార్త వచ్చిన రోజే అమ్మ తన మెత్తటి పాత నూలుచీర ఒకటి తీసి, హాలులో దూలానికున్న కొక్కేనికి తొట్టిల కట్టింది. నాయన పేపరు దించి చూశాడు.

"ఎవురికి?"

"ఇంట్లో బిడ్డ పుట్టినాక తొట్టిల కట్టకుండ ఎట్ల ఉండేది?"

"బిడ్డ ఆడ ఉండాడు కదమ్మే."

"తొట్టిల ఈడ ఉండనీ. మీకేమి, అడ్డమా?"

అడ్డమే. హాలులో ఎటు పోవాలన్నా దాన్ని తప్పించుకునే పోవాలి. కానీ ఆ మాట అనే ధైర్యం నాయనకు లేదు, నాకు అసలే లేదు. పైగా కట్టడమే కట్టింది, ఊపేది కాదు. ఖాళీ తొట్టిల ఊపితే బిడ్డకు కడుపునొప్పి వస్తుందని మా ఇళ్ళలో గట్టి నమ్మకం. గాలికి కదిలినా అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి పట్టుకునేది. ఫ్యాను వేసుకోవాలంటే ముందు తొట్టిలను ముడేసి పైకెత్తి కట్టాలి. సముద్రాల అవతల ఉన్న ఒక చిన్న కడుపు కోసం నేను ఆ ఎండాకాలమంతా చెమటలో తడిశాను. వాడు పెద్దయ్యాక ఈ సంగతి వాడికి చెబుతాను, వదలను.

అక్క రోజూ వీడియోలో వచ్చేది. మాకు సాయంకాలం, ఆమెకు మధ్యాహ్నం. అప్పుడు అమ్మ పెట్టే కేకకు బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చేవాడు. వాడి ఏడుపు వినబడక అమ్మ ఇంకా గట్టిగా "ఏమైంది, ఏమైంది" అని అరిచేది. చివరికి అక్క నాతో, "రేయ్, అమ్మ కనపడితే చాలు, వినపడితే వీడు లేస్తాడు. ఏమైనా చేయి" అంది.

చేయగలిగింది నేనొక్కడినే. బ్యాండేజి గుడ్డ ఎగుమతి చేసేవాళ్ళకు అట్టపెట్టెల మీద వేసే లేబుళ్ళు గీసిపెట్టడం నా పని. దానికోసం ఇంట్లో ఒక కంప్యూటరు ఉంది. దాన్ని హాలులోకి మోసుకొచ్చి, కెమెరా తగిలించి, ముందుగా ఒక హెడ్‌ఫోను తెచ్చాను. చెవులకు రెండు గుండ్లు, నోటి ముందు ఒక చిన్న మైకు. నూనె రాసిన తల మీద అది నిలవక జారిపోతుంటే అమ్మ కొంగు కప్పి, కొంగు మీద తగిలించుకుంది. చెవులు మూసుకుపోయేసరికి తన గొంతు తనకే వినిపించక ఇంకొంచెం పెంచింది. పక్కన కూర్చున్న నాయనకు ఏమీ వినిపించదు. అక్క అటువైపు ఏదో చెబుతూనే ఉంది, చేతులు తిప్పుతూ, కళ్ళు తుడుచుకుంటూ, మధ్యలో నవ్వుతూ.

"ఏమంటుండాదే?" అన్నాడు నాయన.

"బాగుండాదంట," అంది అమ్మ.

అంతసేపు చెప్పిందానికి అంతే.

నాయన ముఖం చూడలేక హెడ్‌ఫోను తీసేసి, విడిగా రెండు స్పీకర్లూ ఒక మైకూ పెట్టాను. మైకుకు స్టాండు లేదు. స్టీలు గ్లాసు నిండా బియ్యం పోసి అందులో గుచ్చాను. ఇప్పుడు ఇంటిల్లిపాదికీ అక్క మాట వినిపించింది. వచ్చిన చిక్కల్లా, స్పీకరులోంచి వచ్చిన ఆమె మాటను మైకు పట్టి మళ్ళీ ఆమెకే పంపించడం.

"నా మాటే నాకు తిరిగి వస్తుండాది రా," అంది అక్క. "నేను ఒకటి చెప్తే అదే నాకు చెప్పేదానికి మీ బావ ఉండాడు కదా. నీవు వేరే ఎందుకు?"

స్పీకర్లను టీవీ బల్ల మీదికి మార్చి, ముఖాలు గోడవైపు తిప్పి, శబ్దం తగ్గించి, మైకు గ్లాసును అమ్మకు దగ్గరగా జరిపితే తిరుగుడు ఆగింది. మా నాయన మాత్రం చాలాకాలం స్పీకర్లను చూసే మాట్లాడేవాడు. అక్కకు ఆయన వీపు కనిపించేది.

ఇక మిగిలింది మగ్గం, మా మాటలో తరి. మా పక్కింటి రేకుల షెడ్డులో బ్యాండేజి గుడ్డ నేసే కరెంటు మగ్గాలు ఉన్నాయి. పొద్దున మొదలుపెడితే ఆగవు. ఆ చప్పుడు మాకు వినపడదు, చుట్టాలకు వినపడుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు మాటమాటకూ "ఆఁ?" అంటే మాకే విసుగొస్తుంది. అయితే నేను కాల్ మాట్లాడే ప్రోగ్రాములో మన గొంతును పరీక్షించుకునే వీలుంది. కాసేపు మాట్లాడితే అది పట్టుకుని తిరిగి వినిపిస్తుంది. మాట్లాడి చూసుకున్నాను. నా గొంతు ఒక్కటే వచ్చింది. మగ్గం లేదు! వెనుక వచ్చే చప్పుళ్ళను తనంతట తానే తీసేసే ఏర్పాటు అందులో ముందే ఉందట. మా ఇంటిని మగ్గం లేకుండా వినడం నా జన్మలో అదే మొదటిసారి. ఎవరి ఇల్లో అనిపించింది.

అక్క కూడా వెంటనే పసిగట్టింది. "పక్కింట్లో తరి అమ్మేసినారా?"

"లేదక్కా, నేనే ఆపేసినాను."

"నీవా? నీవు చెప్తే మన ఫ్యానే ఆగదు."

ఇక్కడ ఒక మాట. మా ఇంట్లో నేనేమన్నా ముందు నవ్వేది అక్కే. నాయనకు కాసేపు ఆలోచించాలి, అమ్మకు అర్థమైతే కోపం వస్తుంది. ఇప్పుడు నేను ఒక మాట విసిరితే అది సముద్రాలు దాటిపోయి ఆమె నవ్వు తిరిగొచ్చేసరికి నేను తర్వాతి మాటలో ఉంటాను. ఆ నవ్వు వచ్చి, నవ్వడానికేమీ లేని మాట మీద పడుతుంది. "బావ జ్వరం తగ్గిందా" అని అడిగినప్పుడు పడుతుంది. ఎన్ని వైర్లు మార్చినా ఆ కాస్త ఆలస్యాన్ని మాత్రం నేను తీయలేకపోయాను. సరే, అది నా బాధ, దాన్ని పక్కన పెడదాం.

బిడ్డ పగలు పడుకోవడం లేదని అక్క ఒకరోజు మొర పెట్టుకుంది. "అమ్మా, మాకు పట్టినట్టు వీనికీ రాగం పట్టు మా. నేను పడితే వీడు నన్ను చూసి నవ్వుతాడు."

మా ఇంట్లో జోలకు మాటలు లేవు. పెదవులు మూసుకుని లోపల్లోపల తీసే కూనిరాగం ఒకటే. అది మెల్లగా పైకి పోతుంది, అక్కడ కాసేపు నిలబడుతుంది, వచ్చిన దారినే దిగుతుంది. అమ్మ దాంతోనే అక్కను పడుకోబెట్టింది, నన్ను పడుకోబెట్టింది. నాకైతే పెద్ద క్లాసుల్లో చదివేటప్పుడు కూడా అది వినపడితే పుస్తకం చేతిలోంచి జారిపోయేది. మార్కులు తక్కువ రావడానికి అదే కారణమని చెప్పి చూశాను, ఒప్పుకోలేదు.

అమ్మ ఆ రోజు నుంచి సాయంకాలం పని ముగించుకుని, ముఖం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, మైకు గ్లాసు ముందు కూర్చుని రాగం పట్టేది. ఆ వేళకు నేను లేబుళ్ళు ఇచ్చి రావడానికి బయటికి పోయేవాణ్ణి. కొన్నాళ్ళకు ఇద్దరూ విడివిడిగా నా దగ్గరికి వచ్చారు. అక్క ఫోనులో మెసేజి పెట్టింది: "అమ్మకు నా మీద కోపం ఇంకా పోలేదు కదా? కాన్పుకు రాలేదని. రాగం పట్టమంటే చుమ్మా, ఊరికే నోరు మూసుకొని నన్ను చూస్తా కూర్చుంటుంది. ఒక్క మాట లేదు. నాకు ఏడుపొచ్చి ఫోను పెట్టేస్తుండా." అమ్మ వంటింట్లో పిండి కలుపుతూ అంది: "నేను రాగం పడితే మీ అక్కకు ఇప్పుడు గిట్టలేదు. సగంలో టపీమని పెట్టేస్తుండాది. ఆ ఊరోళ్ళు బిడ్డ చేతికి బొమ్మ ఇచ్చి పడుకోబెడతారంట. మన రాగము దానికెందుకు?"

ఇద్దరి మాటా నాకు అర్థం కాలేదు. మరుసటిరోజు లేబుళ్ళ పని మానుకుని అమ్మ పక్కనే కూర్చున్నాను.

అమ్మ రాగం పట్టింది. అది పైకి పోయి నిలబడేచోట నిలబడింది. నాయన కుర్చీలో అప్పటికే సగం నిద్ర. తెర మీద అక్క బిడ్డను ఒళ్ళో వేసుకుని మమ్మల్నే చూస్తోంది. రోడ్డు పక్కన నిలబడి రాని బస్సు కోసం చూసే ముఖం. రాగం అట్లా పైన నిలబడి ఉండగానే, అక్క అంది: "అమ్మా, ఏమన్నా మాట్లాడు మా."

అప్పుడు తెలిసింది. కాల్ పెట్టేసి, పరీక్ష చేసుకునే చోటికి పోయి, అమ్మను మళ్ళీ రాగం పట్టమన్నాను. పట్టింది. తిరిగి వినిపించాను. ఏమీ లేదు. ఒట్టి మౌనం. మధ్యలో అమ్మ ఒక దగ్గు దగ్గింది, అది మాత్రం గుడి గంటలాగా వచ్చింది. మళ్ళీ మౌనం. చివర్లో "ఏమిరా, పాడైపోయిందా?" అన్న మాట శుభ్రంగా వచ్చింది.

"మాట వస్తే మనిషి అనుకుంటుంది అమ్మా. రాగాన్ని ఫ్యాను చప్పుడు అనుకొని తీసేసింది."

"నా గొంతు దానికి ఫ్యాను మాదిరి ఉండాదా?"

నాయన కళ్ళు తెరవకుండానే నవ్వాడు. ఆయనకు పెళ్ళయిన నాటినుంచీ అందని అవకాశం అది. అమ్మ ఆయనవైపు చూడను కూడా చూడలేదు. బియ్యం గ్లాసును చూస్తూ ఉండిపోయింది.

"అంటే ఇన్ని దినాలు మీ అక్క చుమ్మా కూర్చొని నా ముఖమే చూస్తా ఉన్నింది."

"ఊఁ."

"నేను మాట్లాడలేదని అనుకొనింది. కోపమని."

నేను కంప్యూటరు దగ్గరికి జరిగాను.

చప్పుడు తీసేసే ఏర్పాటును ఆపేశాను. చిన్న గడిలో ఒక టిక్కు తీసేయడమే, అంతకుమించి ఏమీ లేదు. సంగతి మెసేజి పెడితే అక్క వెంటనే కాల్ చేసింది. పక్కింటి మగ్గం ఆమె చెవిలో పడినట్టుంది, ముఖం ఒకలా అయింది. "తీసేయద్దు రా, ఉండనీ," అంది.

అంతా సిద్ధం. ఇప్పుడు అమ్మకు రాగం రాలేదు. గొంతు సవరించుకుంది, నీళ్ళు తాగింది, బొట్టు సరిచేసుకుంది. ఇంతకాలం వినబడదని తెలియక పట్టింది, ఇప్పుడు వినబడుతుందని తెలిసి గొంతు పట్టేసింది.

"దీని ముందర కూర్చుంటే పరీక్ష మాదిరి ఉండాది," అంది. "చేతిలో తొట్టిల లేకుండ రాగము ఎట్ల వచ్చేది?"

"తొట్టిల ఉండాది కదా."

"ఖాళీ తొట్టిల ఊపకూడదు రా, ఎన్నిసార్లు చెప్పేది?"

నేను బియ్యం గ్లాసులోంచి మైకు పెరికి, అంటుకున్న గింజలు దులిపి, ఒక తుండుగుడ్డలో చుట్టి, వైరు చాలినంత లాగి, తొట్టిల్లో పడుకోబెట్టాను.

"ఇప్పుడు ఖాళీ కాదు."

అమ్మ వంగి లోపలికి చూసింది. నవ్వుతుందనుకున్నాను. మా ఇంట్లో పేర్లు పెట్టేనాడు బిడ్డకంటే ముందు రుబ్బుగుండును తొట్టిల్లో పడుకోబెడతారు. రాయికే ఆ మర్యాద ఉన్నప్పుడు మైకుకు ఏం తక్కువ? ఆమె నవ్వలేదు. "తల అటు కాదు, తూర్పుకు పెట్టు," అని మైకును తానే తిప్పి పడుకోబెట్టింది. తుండుగుడ్డ సరిచేసింది. పక్కన చతికిలబడి, చీర అంచు పట్టుకుని లాగింది.

రాగం వచ్చింది. ఈసారి అది అమ్మ పట్టినట్టు లేదు, చేతిలోంచి వచ్చినట్టుంది. తొట్టిల అమ్మవైపు వచ్చినప్పుడు పెరుగుతూ, అటు పోయినప్పుడు తగ్గుతూ. అక్కకు కూడా అట్లాగే వినిపించి ఉంటుంది, దగ్గరికొస్తూ, దూరం పోతూ, మళ్ళీ దగ్గరికొస్తూ. తెర మీద అక్క చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. "అమ్మా" అంది. అంతటి ఘట్టంలో మా మేనల్లుడు తన కాలి బొటనవేలిని నోట్లో పెట్టుకోవడానికి ప్రయత్నిస్తున్నాడు.

అక్క ఫోనును దేనికో ఆనించి, బిడ్డను పక్కలో వేసుకుని తానూ ఒరిగింది. అమ్మ లాగుతూనే ఉంది. నేను బిడ్డ కళ్ళ మీదే చూపు పెట్టుకుని కూర్చున్నాను, ఇప్పుడు మూస్తాడు, ఇప్పుడు మూస్తాడు అని. వాడు మూయలేదు. రెండు కళ్ళూ బాగా తెరిచి, పైకప్పులో ఎవరో తెలిసినవాళ్ళున్నట్టు చూస్తూ కాళ్ళు ఆడిస్తున్నాడు.

"వాడు మేలుకొనే ఉండాడు అమ్మా," అన్నాను మెల్లగా.

అమ్మ తల ఊపింది. ఆమె చూస్తున్నది వాణ్ణి కాదు. అక్కను. అక్క నోరు కొంచెం తెరుచుకుని ఉంది, చెంప దిండులోకి కుంగిపోయి ఉంది. చిన్నప్పుడు ఎట్లా నిద్రపోయేదో అచ్చం అట్లా. కాన్పయిన నాటినుంచీ ఆమె ముఖంలో ఏదో బిగుతు ఉండేదనీ, దాన్ని మేము ఆ ఊరి చలి అనుకున్నామనీ, అది వదిలాకే తెలిసింది.

కాసేపటికి, ఆ రోజు సెలవులో ఉన్న బావ తలుపు తీసుకుని లోపలికి వచ్చాడు. అక్కను చూసి, మమ్మల్ని చూసి, బిడ్డను చప్పుడు కాకుండా ఎత్తుకున్నాడు. మగ్గం చప్పుడుకు ఒక్క క్షణం చెవి వొగ్గినట్టు ఆగాడు. పెట్టేయనా అని వేలితో అడిగాడు. అమ్మ వద్దని తల తిప్పింది. బావ బిడ్డను తీసుకుని వెళ్ళిపోయాడు, తలుపు మూసుకుంది. ఇక తెర మీద అక్క ఒక్కతే.

మా హాలులో చీకటి పడుతోంది. నాయనకు కాఫీ వేళ దాటింది. ఆయన లేచి వచ్చి, తొట్టిలను చూసి, తెరను చూసి, కాఫీ సంగతి ఎత్తకుండా మళ్ళీ పోయి కూర్చున్నాడు. అక్క నిద్రలో అటు తిరిగింది. దుప్పటి భుజం మీదినుంచి జారిపోయింది. ఆ ఊళ్ళో ఎంత చలో మాకు తెలియదు గానీ, భుజం తెల్లగా బయటపడింది.

అమ్మ రాగం ఆపలేదు. ఆపితే కూతురు లేస్తుందని భయం. పెదవులు విప్పకుండానే, ఒక చేత్తో తొట్టిల లాగుతూనే, రెండో చేత్తో నాకు తెరను చూపించి సైగ చేసింది. దుప్పటి కప్పరా.

నేను కుర్చీలోంచి లేచాను కూడా.